పన్నెండో నంబరు ఇంటి తలుపు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి చలికాలంలో మెదక్ పాత ఇళ్లకు రోడ్డు వెడల్పు గండం వచ్చింది. వాటిలో కాపాడాల్సినవి ఏవో చూసి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. ప్లాన్లు గీసే ఉద్యోగం నాది. చెక్కిన తలుపు కనబడితే అన్నం సంగతి మరిచిపోయే రకాన్ని. ఆ ఉత్తర్వు కాగితం చేతికి రాగానే పెట్టె సర్దేశాను.

సికింద్రాబాదులో తెల్లవారుజామున రైలెక్కితే పొద్దున్నే అక్కన్నపేటలో దిగుతాం. అక్కడినుంచి జట్కా, బేరమాడితే రెండు హాలీ రూపాయలు, అదే నిజాం డబ్బు. కోసిన వరిమళ్ల మీద మంచు ఇంకా విడలేదు. దూరంగా చర్చి శిఖరం ఒక్కటే, కింద ఊరేమీ లేకుండా గాలిలో తేలుతోంది. ఊరొచ్చిందని నేను చెప్పులు వేసుకుంటుంటే జట్కా తోలే యేసుదాసు నవ్వాడు.

"ఆగుండ్రి సాబ్. అది గట్లనే కనబడ్తది. ఇంక గంట పడ్తది."

ఆ గంట అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

కోట కింది వీధుల్లో కలలో నడిచినట్టే నడిచాను. నచ్చిన ప్రతి ఇంటి తలుపు మీద జాజుతో ఎర్రగా నంబరు వేస్తూ పోయాను. మర్నాడు తనిఖీకి వచ్చే అధికారికి నంబరు కనబడితే ఆ ఇల్లు నిలుస్తుంది, లేకపోతే కూల్చేస్తారు. పన్నెండో ఇల్లు అన్నిటికన్నా అందమైనది, తలుపు నిండా దానిమ్మ పూలు చెక్కి ఉన్నాయి. తట్టాను. ఎవరూ పలకలేదు. నంబరు వేసి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం ఆ తలుపు బొమ్మ గీసుకుందామని తిరిగొస్తే నంబరు లేదు. చెక్క ఇంకా తడిగా ఉంది. ఎవడో ఆకతాయి పని అనుకుని, తిట్టుకుంటూ మళ్లీ జాజు తీశాను. తలుపు సందులోంచి ఒక ముసలి గొంతు వణికింది.

"వద్దు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. ఎర్ర గుర్తు పెట్టకు."

ఆమె ఫాతిమాబీ. ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

"పోలీస్ యాక్షనప్పుడు మా చెల్లె ఊర్ల గిట్లనే దర్వాజలకు గుర్తులు పెట్టిండ్రు. పొద్దుగూకినంక కత్తులు పట్టుకొని గా ఇండ్లకే వచ్చిండ్రు."

నా ఎర్రటి వేళ్లు చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. ఇల్లు నిలబెట్టడానికే రాశానని, నంబరు లేకపోతే కూలుస్తారని నెమ్మదిగా చెప్పాను.

"గట్లయితే లోపటి దిక్కు రాయి. బైటికి కనబడొద్దు."

"తలుపు తీస్తేనే కదమ్మా అధికారికి కనబడేది?"

"గాయన ఎంబడి నువ్వు రా. నీ గొంతు ఇన్నంక తీస్త."

తలుపు లోపలి దిక్కు పన్నెండు వేసి, సాయంత్రం రైలు వదులుకుని ఊళ్లోనే ఉండిపోయాను. మర్నాడు అధికారితో వెళ్లి, "అమ్మా, నేనే" అని పిలిచాను. లోపల అలికిడి లేదు. ఆయన గడియారం చూసుకుని పదమన్నాడు. నేను కదల్లేదు, మళ్లీ పిలిచాను. గొళ్లెం చప్పుడైంది. తలుపు లోపలి దిక్కు నా పన్నెండు భద్రంగా ఉంది. ఆయన రాసుకున్నాడు.

తిరుగు జట్కాలోంచి చూస్తే శిఖరం మళ్లీ సాయంత్రపు మంచులో తేలింది, నేను మాత్రం తేలలేదు. ఇళ్లను కాపాడాలని వెళ్లి, ఇంట్లో మనిషి ఉంటుందన్నదే మరిచిపోయాను. మెదక్ పాత ఇళ్లు చూడబోయే వాళ్లకు ఒక్క మాట: ముందు మీ పేరు చెప్పి పిలవండి, తీసేదాకా ఆగండి. పన్నెండో నంబరు కోసం వీధిలో వెతక్కండి, అది బయటికి కనబడదు.