వసంతమ్మ ఒక్కపొద్దులు, కాగ్నా చెంబు

తాండూరు పాతబజారులో దశరథం సేటు కందుల దుకాణం, దాని వెనకాలే ఇల్లు. ఇల్లంతా నాపరాళ్లు పరిచి ఉండేది. ఎండాకాలంలో కూడా అరికాళ్లకు చల్లగా తగిలేవి. ఆ ఇంటి ఇల్లాలు వసంతమ్మకు యాభై దాటేనాటికి నడక అంటే వంటింట్లోంచి దేవుడి గదికి, దేవుడి గదిలోంచి ముందరి అరుగు మీదికి. అంతే. బజారుకు పోవాలంటే కచ్చురం, అంటే తెరలు కట్టిన ఎడ్లబండి, కట్టేవారు. సావుకారి ఇంటి ఆడమనిషి నడివీధిలో కాలినడకన కనిపించడం ఆ రోజుల్లో మర్యాద కాదు.

కాని ఆమె చేయవలసిన నడక ఒకటి పదేళ్లుగా మిగిలిపోయి ఉంది.

పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో, రజాకార్ల గడబిడ నడుస్తుండగా, దశరథం షోలాపూర్ వెళ్లి నలభై రోజులు జాడ లేకుండా పోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. వసంతమ్మ దేవుడి గదిలో కూర్చొని అనంతగిరి పద్మనాభస్వామికి మొక్కుకుంది. "స్వామీ, ఆయన పానంతోని ఇంటికొస్తే చాలు. కార్తీకంల వికారాబాద్ టేషన్ కాడికెల్లి నీ గుట్ట దాక నా కాళ్లతోని నడిచొస్త. బండెక్క, డోలీ ఎక్క." మిలటరీ వచ్చి, రైళ్లు మళ్లీ సరిగా తిరిగిన వారానికే దశరథం పెరిగిన గడ్డంతో, చంకలో చిన్న మూటతో ఇంటి ముందు దిగాడు.

స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు. ఆమె వంతు మాత్రం వెనకబడింది. కార్తీకం రావడం, ఏదో ఒకటి అడ్డం పడడం. ఒక ఏడాది అత్తగారు మంచాన పడింది. ఒక ఏడాది కొడుకు పెండ్లి. ఇంకో ఏడాది కోడలి కాన్పు. అడ్డాలన్నీ తీరేసరికి మోకాళ్లు పట్టేశాయి. ఒళ్లు బరువెక్కింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"ఎవరినన్న పంపిద్దాం తీయే. నీ పేరు మీద ఎక్కొస్తరు," అనేవాడు దశరథం.

"నేను మొక్కింది నా కాళ్లు. ఇంకొకరి కాళ్లు గాదు," అనేది ఆమె.

యాభై ఎనిమిదిలో, మాఘమాసంలో ఒకనాడు పెరట్లో లేచి ఉన్న బండ అంచు తగిలి ఎడమకాలి బొటనవేలు చీరుకుపోయింది. పసుపు పెట్టింది. వేపాకు నూరి కట్టింది. నెలన్నర దాటినా పుండు మానలేదు. అప్పుడు దశరథానికి భయం పట్టి, రైల్లో వికారాబాద్ తీసుకుపోయి అక్కడి డాక్టరుకు చూపించాడు.

డాక్టరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గాజుగొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో ఆమె మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాడు. చూస్తుండగానే నీలం పోయి ఇటుక రంగు తిరిగింది.

"చక్కెర రోగం అమ్మా. నీలం నీలంగనే ఉండాలె. ఆకుపచ్చ అయినా పర్వాలేదు. మీది ఎర్రగ అయ్యింది. తీపి బంద్ చేయండి. తిండి తగ్గించండి. పుండు మానినంక రోజూ నడవండి. మానకపోతే ముందు వేలు, తర్వాత పాదం తీయవలసి వస్తది."

"కార్తీకంల నేను గుట్ట ఎక్కాలె సారూ," అంది వసంతమ్మ.

"ఎక్కాలంటే కాలుండాలె గదమ్మా."

రైల్లో ఇంటికి వచ్చేదాకా ఆమె ఆ మాటే నెమరు వేసుకుంది. ఇంటికి రాగానే తనకు తెలిసిన మందు తాను మొదలుపెట్టింది. తిండి తగ్గించమన్నాడు కదా డాక్టరు! వారంలో సోమవారం, శనివారం ఆమెకు ఎప్పటినుంచో ఒక్కపొద్దులే. ఏకాదశి సరేసరి. వాటికి తోడు గురువారం కూడా పట్టింది. ఒక్కపొద్దునాడు రాత్రి ఒక్కపూట ఫలహారం తప్ప అన్నం మెతుకు ముట్టదు. ఇంత నిష్ఠగా ఉంటే రోగం నిలుస్తుందా అనుకుంది.

నెల తరువాత డాక్టరు మళ్లీ గొట్టం కాచాడు. మునుపటికన్నా ఎర్రగా తిరిగింది.

"ఏం తింటున్నరమ్మా?"

"ఏం తింటున్న సారూ, వారంల మూడు రోజులు ఒక్కపొద్దులే ఉంటున్న!"

డాక్టరు నొసలు రుద్దుకున్నాడు. దశరథం కూడా సాక్ష్యం చెప్పాడు. ఆమె అన్నం ముట్టడం లేదన్నది నిజమే మరి.

ఆ చిక్కుముడి విప్పింది బీరమ్మ. కరణ్‌కోట దిక్కున ఒక చిన్న పల్లె ఆమెది. కురుమోళ్ల ఇల్లు. పెనిమిటి గొర్లవెంట పోతే, ఆమె రెండు బర్రెలను చూసుకుంటూ, రోజూ పొద్దున్నే నాలుగు మైళ్లు నెత్తిన పెరుగుకుండతో నడిచి తాండూరు వచ్చేది. వసంతమ్మకన్నా ఐదారేండ్లు పెద్దదే. ఎముకలు కనబడే మనిషి. కూర్చున్నచోట నుంచి చేయి ఆన్చకుండా లేచేది.

ఆ శనివారం ఆమె ఊళ్లో ఎవరి ఇంట్లోనో పని ఉండి సాయంత్రం దాకా ఆగిపోయి, పొద్దున వసంతమ్మ ఇంట్లో పెట్టిపోయిన ఖాళీ కుండ తీసుకుపోదామని వచ్చింది. వసంతమ్మ అప్పుడే ఫలహారానికి కూర్చుంది. కోడలు అరుణాదేవి వడ్డిస్తోంది. కన్నడం మాట్లాడే సేడం ఊరి పిల్ల, అత్త అంటే ప్రాణం. బీరమ్మ గడపవతల చతికిలబడి పళ్లెం వైపు చూసింది.

"ఏం పండుగమ్మా ఇయ్యాల, సావుకారమ్మా?"

"పండుగేందే, శనివారం. ఒక్కపొద్దు."

బీరమ్మ వేలు చూపిస్తూ ఒక్కొక్కటే చదివింది. "గా సాబుదాన కిచిడీ. గా పల్లీలు. గా ఆలుగడ్డ. నాలుగు అరటిపండ్లు. ఖర్జూరం. గిన్నె నిండ పాలు, దాంట్ల చక్కెర. గిదంత ఒక్కపొద్దేనా? మా ఇంట్ల పెండ్లికి గూడ గింత పెట్టలే మేము!"

వసంతమ్మకు చురుక్కుమంది. "అన్నం ముట్టలే గదనే."

"ముట్టకపోతివి. ఒక్క అన్నం మీదనే అలిగినట్టున్నవు నువ్వు."

అరుణాదేవి పక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆ నవ్వే ఏడుపయింది. "నేనే గద అత్తమ్మా పెట్టింది. పొద్దంతా ఉపాసముంటిరి గదా అని ఇంకో చెంచా, ఇంకో చెంచా అని నేనే వేసిన."

"నువ్వు ప్రేమతోని పెట్టినవు, నేను ఆకలితోని తిన్న. ఇద్దరం స్వామి పేరు చెప్పుకున్నం," అంది వసంతమ్మ. పళ్లెం పక్కకు జరిపింది. ఆమెకు కోపం రాలేదు. ఏండ్లుగా తనను తాను మోసం చేసుకున్నానని అర్థమై సిగ్గు మాత్రం వేసింది.

ఆ రాత్రి దీపం పెట్టి స్వామితో ఉన్నమాట చెప్పుకుంది. సోమ, గురు, శనివారాలు వదిలేస్తానంది. ఏకాదశి ఒక్కటి ఉంచుకుంటాననీ, అదీ చక్కెర లేని మజ్జిగ మీదనేననీ చెప్పింది. వినేవాడు విన్నట్టే ఉంది. ఎందుకంటే ఆ రాత్రి ఆమెకు నిద్ర బాగా పట్టింది.

మరి రోజూ ఏం తినాలి? బీరమ్మనే అడిగింది.

"మేము తినేదే. జొన్నరొట్టె, ఆకుకూర, పలుచగ మజ్జిగ. పొట్టల జర జాగ ఉండంగనే లేవాలె."

జొన్నరొట్టె ఆ ఇంట్లో పనివాళ్లకు చేసేవారు. సేటు ఇంటివాళ్లది సన్నబియ్యం. వసంతమ్మ జొన్నలు పిండి గిర్నికి పంపలేదు. నడక పుండు మానినంకనే అన్నాడు కదా డాక్టరు, అందాకా కూర్చొని చేసే పనైనా చేద్దామని, కొట్టంలో బోర్లించి ఉన్న ఇసుర్రాయిని పైకి తీయించింది. గిర్ని వచ్చాక దానిని ఎవరూ ముట్టలేదు. మొదటి రోజు పది చుట్లకే చేతులు లాగాయి. మరునాడు అరుణాదేవి వచ్చి ఎదురుగా కూర్చొని పిడి రెండో పక్క పట్టుకుంది. అప్పటినుంచి అత్తాకోడళ్లు ఇద్దరూ రోజూ శేరు జొన్నలు విసిరేవారు. రాయి తిరుగుతుంటే కోడలు వాళ్ల సేడం కన్నడంలో ఏదో పాడేది. అత్తకు సగమే అర్థమయ్యేది.

వైశాఖం వెళ్లేనాటికి పుండు మానింది. గొట్టంలో రంగు పసుపుపచ్చకు దిగింది. డాక్టరు మొదటిసారి నవ్వాడు. "ఇగ నడవండి. చెప్పులు లేకుండ మాత్రం కాలు బయట పెట్టొద్దు."

నడక దగ్గర ఇంట్లో పేచీ వచ్చింది. పెరుగమ్మే బీరమ్మ తిరిగిపోయేటప్పుడు తోడుగా కాగ్నా వాగు దాకా పోయి వస్తానంది వసంతమ్మ.

దశరథం తలపాగా సర్దుకుంటూ ఆగిపోయాడు. "బజార్ల నడుస్తవా? దశరథం సేటు ఎడ్లను అమ్ముకున్నడా అంటరు జనం."

"ఎడ్లు కొట్టంలనే ఉన్నయి గద. సూపియ్యి, నమ్ముతరు."

"నవ్వులాట గాదే. మర్యాద ఉంటది."

వసంతమ్మ ఒకపూట ఆలోచించింది. మరునాడు తెల్లవారి స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, చేతిలో రాగిచెంబు పట్టుకొని బీరమ్మ వెంట బయలుదేరింది. స్వామి అభిషేకానికి కాగ్నా నీళ్లు తేవాలి కదా! దానికి ఎవరు అడ్డం చెబుతారు? బజారులో చూసినవాళ్లు చేతులెత్తి దండం పెట్టారు. అది సాకుగా మొదలైన మాట నిజమే. కాని వారం తిరిగేసరికి ఆ నీళ్లు లేకుండా పూజ చేయడానికి ఆమెకే మనసొప్పేది కాదు.

జ్యేష్ఠంలో వాగు ఎండి ఉండేది. ఇసుకలో చెలిమె తోడి, నీళ్లు తేటపడేదాకా ఆగి, చెంబు ముంచుకునేవారు. ఆగినంతసేపూ బీరమ్మ గొర్ల ముచ్చట్లు చెప్పేది. తరువాత ఆమె వాగు దాటి తన ఊరికి, ఈమె నీళ్లతో ఇంటికి. మొదట్లో దారిలో మూడుచోట్ల ఆగేది వసంతమ్మ. నడిమధ్య ఒక కుమ్మరామె ఆమె కోసం వాకిట్లో పీట వేసి ఉంచేది. ఎందుకు నడుస్తున్నావని ఏనాడూ అడగలేదు. శ్రావణం వచ్చేసరికి ఆ పీట మీద కూర్చోవడం పలకరింపు కోసమే అయింది. భాద్రపదంలో చెంబు పోయి చిన్నబిందె చంకలోకి వచ్చింది.

కార్తీకంలో గుట్ట జాతరకు వికారాబాద్‌లో రైలు దిగారు. దశరథం, వసంతమ్మ, బీరమ్మ. అరుణాదేవి పిల్లలతో ఇంట్లో ఉండిపోయి, జొన్నరొట్టెలు మూటకట్టి పంపింది. దశరథం ముందురోజే బండి తోలే పెద్దయ్య చేత కచ్చురం వికారాబాద్ పంపించి టేషన్ ముందు నిలబెట్టించాడు.

"గిదెందుకు?" అంది వసంతమ్మ.

"ఎంబడి వస్తది. ఎందుకన్న మంచిది."

పొద్దెక్కకముందే నడక మొదలైంది. ఊరు దాటేదాకా బాగానే ఉంది. అడవి మొదలై దారి ఎత్తెక్కేసరికి చెమటలు పట్టాయి. ఒక నిటారు మలుపులో వసంతమ్మ ఎడమ మోకాలు ఒక్కసారిగా పట్టేసింది. దారి పక్కనున్న మోరీ గోడ మీద కూలబడింది. బండి వచ్చి సరిగ్గా ఆమె పక్కనే ఆగింది. ఎడ్లు తోకలు ఊపుకుంటూ నిలబడ్డాయి.

దశరథం కూడా రొప్పుతున్నాడు. అయినా మెత్తగా అన్నాడు. "ఎక్కు వసంతా. సగం నడిచినవు. స్వామికి తెల్వదా నీ మోకాలు? నా పానం కోసం మొక్కినవు, ఆ పానమున్నోన్ని నేనే చెప్తున్న, ఎక్కు."

ఆమె బండి చక్రం వైపు చూసింది. ఎక్కితే ఎవరూ తప్పు పట్టరు. కాని ఒక్కపొద్దు పళ్లెం ముందు కూర్చున్నప్పుడు కూడా ఎవరూ తప్పు పట్టలేదు. ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి.

బీరమ్మ కింద కూర్చొని ఆ మోకాలిని రెండు చేతులతో పిసికింది. గొర్రెపిల్ల కాలు సవరించినట్టు మెల్లగా చాపి, ముడిచింది. "లేవమ్మా. మీదికి సూడకు, మస్తు ఎత్తు కనబడ్తది. నా మడిమెలు సూసుకుంట రా. కాగ్నాకు పోతున్నమనుకో."

వసంతమ్మ లేచింది. పగుళ్లు పడిన ఆ రెండు మడమలు తప్ప ఇంకేమీ చూడకుండా నడిచింది. మలుపు తరువాత మలుపు. వెనకాల బండి కిర్రుమంటున్న చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది. గుడి కనిపించాక, చెప్పులు విడుస్తూ వెనక్కి తిరిగి చూసింది. పెనిమిటి కనిపించలేదు.

"సేటేడి పెద్దయ్యా?"

పెద్దయ్య నేలచూపులు చూశాడు. బండి తెర కదిలింది. దశరథం తలపాగా చేతబట్టుకొని కిందికి దిగాడు.

"బండి ఉత్తగ వస్తుంటే ఏం బాగుంటదని జర కూసున్న," అన్నాడు.

బీరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

లోపల స్వామి ముందు నిలబడ్డప్పుడు వసంతమ్మకు అడిగేదేమీ తోచలేదు. "వచ్చిన స్వామీ," అంది. అంతే. పూజారి ఇచ్చిన చక్కెరపొంగలి చిటికెడు కండ్లకద్దుకొని నోట్లో వేసుకొని, మిగతాదంతా బీరమ్మ కొంగులో పెట్టింది. మొక్కు ఎక్కడానికే కాబట్టి దిగేటప్పుడు అందరూ బండెక్కారు. బీరమ్మ వెనక నడుస్తానంటే, దశరథమే తెర పైకెత్తి పట్టుకొని, "మా ఇంటామెను ఎక్కిచ్చింది నువ్వు. నువ్వెట్ల నడుస్తవు? ఎక్కు," అన్నాడు.

మరునాడు తెల్లవారి వసంతమ్మ బిందె తీసుకొని అరుగు దిగేసరికి దశరథం అక్కడ నిలబడి ఉన్నాడు. చేతిలో రాగిచెంబు.

ఆ తరువాత ఎనిమిదేండ్లు ఆ నడక ఆగలేదు. వాగు పొంగిన రోజుల్లో ఒడ్డు దాకానే పోయి వచ్చేవారు. చక్కెర పూర్తిగా పోలేదు. పండుగలప్పుడు గొట్టం ఒక్కోసారి పసుపుగా తిరిగి, మళ్లీ ఆకుపచ్చకు వచ్చేది. కాలు మాత్రం దక్కింది. అరవై ఆరులో బీరమ్మ కండ్లకు పొర కమ్మి తాండూరు రావడం మానేసింది. అప్పటినుంచి వసంతమ్మ ఏకాదశినాడు కాగ్నా దగ్గర ఆగకుండా, వాగు దాటి నాలుగు మైళ్లూ పోయేది. అరవై ఏండ్ల మనిషి.

గడపలో కూర్చున్న బీరమ్మ అడుగుల చప్పుడుకు తల ఎత్తేది.

"సావుకారమ్మా! కచ్చురం సప్పుడు రాలే. నడిచే వచ్చినవా?"

"నడిచే వచ్చిన. ఇయ్యాల ఒక్కపొద్దు. మజ్జిగ పొయ్యి."

"ఉత్త మజ్జిగేనా? అరటిపండ్లు వద్దా?" అని, బీరమ్మ తడుముకుంటూ కుండ మీది మూత తీసేది.