వైరు పీకిన మెషిన్

నేను కల్పించి చెప్తున్న అనుకుంటే బుజ్జక్కను అడుగున్రి. బయ్యారం దిక్కు తండల ఉంటది. ఆ రాత్రి నా పక్కనే ఉండె. ఆ చప్పుడు నేనొక్కదాన్నే ఇంటే నా భ్రమ అనుకుందును... ఇద్దరం ఇన్నం.

మానుకోటల, అదే మహబూబాబాద్‌ల, ఒక చిన్న ల్యాబుల తొమ్మిదేండ్లు టెక్నీషియన్‌గ చేసిన. బుజ్జక్క అండ్లనే ఊడ్చి తుడిచేది. ల్యాబు నడిపే సారు దాన్ని మూసేసిండు. రక్తం గొట్టాలను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ మెషిన్ ఉంటది గద, దాన్ని భూపాలపల్లిల కొత్తగ ల్యాబు పెట్టేటాయనకు అమ్మిండు. తెల్లారంగనే బండి వస్తదన్నడు.

"జర తడిబట్టతోని తుడిచి పెట్టు తల్లీ, సాలు."

"సాలదు సార్. అండ్ల ఎంతమంది రక్తం తిరిగిందో. అక్కడ దీన్ని ముట్టుకునే పిల్లకు మనం రోగం అమ్మినట్టయితది."

"నీ ఇష్టం" అనుకుంట పోయిండు.

గట్ల ఆ మాపు మేమిద్దరమే ఉన్నం. ముందుగాల వైరు పీకిన. సుట్ట సుట్టి బల్ల మీద పెట్టిన. గ్లౌజులు, మాస్కులు ఏసుకున్నం. లోపలంత బ్లీచింగ్ నీళ్లు పట్టిచ్చి అరగంట ఆగినం. తుప్పు పట్టొద్దని మల్ల మంచినీళ్లతోని, ఆఖర్న స్పిరిట్‌తోని తుడిచినం. 'శుద్ధి అయింది' అని చీటి రాసి, సంతకం పెట్టి, మూత మీద అతికిచ్చిన.

ముందటి అర్రల చేతులు కడుక్కుంటున్నం. బయట వాన. రేకుల మీద టపటపా... కరెంటు పోయింది.

లోపలి అర్రల నుంచి...

గుయ్... య్... య్...

మొదలు సన్నగ. దోమ లెక్క. తర్వాత లావుగ. నిద్రల ఇన్నా గుర్తుపడుత ఆ చప్పుడును.

బుజ్జక్క నా మోచెయ్యి పట్టుకుంది. "బిడ్డా... కరెంటు లేదు గద?"

"లేదు."

"వైరు...?"

"పీకిన."

వాళ్ల లంబాడ భాషల ఏదో గొణిగింది. "తాళం ఏసి పోదాం పా." నాకూ పోవాల్ననే ఉండె. గని దాని మీద నా సంతకం ఉంది. కొత్త గ్లౌజులు తొడుక్కొని లోపలికి పోయిన. ఆమె ఫోన్ లైటు పట్టుకొని ఎనుక వచ్చింది.

వైరు... సుట్ట సుట్టినట్టే ఉంది. మూత మీద చెయ్యి పెట్టిన. అదురుతుంది. సన్నగ.

ఎత్తిన.

లోపల చక్రం తిరుగుతుంది. మెల్లగ. ఒక సుట్టు... ఇంకో సుట్టు... ఆగింది. గొట్టాలు పెట్టే గిన్నెలల్ల ఒకటి నా ముంగటికొచ్చి ఆగింది.

ఎందుకో ఆ గిన్నెను ఊడదీసిన. అడుగున రబ్బరు బిళ్ల ఉంటది. మాపటి సంది ఇంత చేసిన గని, దాన్ని లేపలే. లేపకుండనే సంతకం పెట్టిన. చిమ్టాతోని, అదే పట్టకారుతోని, లేపితే... కింద సూది లెక్క గాజు పెంకు. దాని మీద నల్లగ ఎండిన రక్తం. ఎన్నడు పగిలిన గొట్టమో.

చీటి చింపేసిన. "అక్కా, మల్ల బ్లీచింగ్ కలుపు."

"గిప్పుడా?"

"గిప్పుడే."

పెంకును సూదులేసే గట్టి డబ్బాల ఏసి మూసిన. గిన్నెలన్ని ఊడదీసినం, రబ్బర్లన్ని నానబెట్టినం. లోపల చెయ్యి పెట్టినప్పుడల్లా... మల్ల తిరిగితే? వేళ్లు ఏమైతయి? అయినా ప్రతి మూల తుడిచిన. తిరగలే. కరెంటు వచ్చేసరికి పని ఒడిసింది. అప్పుడు రాసిన కొత్త చీటి.

తర్వాత జనగామల మెషిన్లు బాగుచేసే అన్నను అడిగిన. "వైరు లేకుంట చెయ్యితోని తిప్పినా పది సుట్లకు ఆగుతదక్కా. గంత చప్పుడు ఎట్ల చేస్తది?" అన్నడు.

"ఎవలైతేంది బిడ్డా, మంచికే తిప్పిన్రు" అంటది బుజ్జక్క.

కావచ్చు. గని ఆ చప్పుడు... మంచి చేసేటోళ్ల చప్పుడు లెక్క లేకుండె. కోపం మీద ఉన్నట్టుండె. నా మీదనా... ఆ గాజు మీదనా... నాకైతే ఇప్పటికీ ఎరుక లేదు.