నుమాయిష్‌కు పోయిన ఫైరింజన్

డెబ్బైలలో పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని నుదుట ఎర్రరంగుతో అగ్నిమాపక కేంద్రమని రాసి ఉండేది. నేను దానికి అధికారిని. మా ఊరు కృష్ణకు అవతల. డిగ్రీ చదివి నిప్పులార్పే ఉద్యోగమేమిటని అక్కడ బంధువులు అడిగేవారు. నేను చదివింది తర్కశాస్త్రం. దానితో ఏదీ ఆర్పలేనని తేలిన తర్వాతే ఈ కొలువులో చేరాను.

మా స్టేషనుకు యజమానులు ముగ్గురు. షెడ్డు ఫ్యాక్టరీల వాళ్ళు కట్టించింది. బండి ప్రభుత్వానిది. నీళ్ళు పంచాయతీవి. ఫ్యాక్టరీల వాళ్ళు తమ గెస్ట్‌హౌస్ ముందు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి పొమ్మని కబురు పంపేవారు. పంచాయతీ వాళ్ళు ట్యాంకు నింపేటప్పుడల్లా, ఈ నీళ్ళతో పక్కూరి మంట ఆర్పితే ఊరుకునేది లేదని హెచ్చరించేవారు. ప్రభుత్వం మాత్రం ఏమీ అనేది కాదు. మేమున్నామన్న సంగతి దానికి జీతాలప్పుడు గుర్తొచ్చేది, అదీ కొంచెం ఆలస్యంగా.

ఇరవై నాలుగు గంటల పని కాబట్టి రెండు షిఫ్టుల మనుషులను మంజూరు చేశారు. ఒక షిఫ్టు వచ్చింది. రెండోది మంజూరులోనే స్థిరపడిపోయింది. వచ్చినవాళ్ళు షెడ్డు వెనక గదుల్లోనే కాపురముండి, పగలు రెండు కళ్ళతోనూ రాత్రి ఒక కంటితోనూ డ్యూటీ చేసేవారు. ఫైర్‌మన్లందరూ కుర్రవాళ్ళు. డ్రైవరు మాత్రం పెద్దాయన, సంగారెడ్డి మనిషి. బండిని ఆయన ఎన్నడూ బండి అనలేదు. 'బేగం' అనేవాడు. బేగంకు పొద్దున దగ్గు, చలికాలం అలక. ఆయన వంట చేస్తే షెడ్డంతా మసాలా వాసన వేసేది. నా తెలుగు విని కుర్రవాళ్ళు నవ్వేవారు. వాళ్ళ తెలుగు విని నేను నవ్వకుండా ఉండేవాణ్ణి, ఎందుకంటే నేనొక్కణ్ణి, వాళ్ళు చాలామంది. అయినా సాయంత్రం అందరం ఒకే గిన్నె చుట్టూ కూర్చునేవాళ్ళం. పెళ్ళి కాని నాకు ఆ దేశంలో ఇల్లంటే ఆ గిన్నే.

మా శాఖలో ఒక న్యాయముంది. మంటలెక్కడ ఎక్కువో బండ్లు అక్కడికి పోతాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మా చుట్టుపక్కల మంటలు లేక కాదు, అవి మా దాకా వచ్చేవి కావు. ఫైరింజన్ వెనకాలే పోలీసులూ పంచనామాలూ వస్తాయని ఊళ్ళలో నమ్మకం. ఫైరింజన్ వెనకాలే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడని ఫ్యాక్టరీల్లో నమ్మకం. బీదవాడూ షావుకారూ ఏకమైన సంగతి నాకు తెలిసి ఆ తాలూకాలో అదొక్కటే. ఇద్దరూ తమ మంటలను ఆడపిల్ల అలకలా ఇంట్లోనే దాచుకునేవారు. కాబట్టి పై ఆఫీసు దృష్టిలో మాది చల్లని ప్రాంతం.

అందుకే ఏటా జనవరిలో పట్నంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలవగానే మా బండికి పిలుపొచ్చేది. గుడ్డ డేరాలు, కరెంటు తీగలు, మిర్చి బజ్జీల పొయ్యిలు, లక్షల జనం. అక్కడ కాపలాకు బండ్లు కావాలి. చల్లని ప్రాంతాల నుంచి బండితో పాటు మనుషులనూ తీసుకుపోయేవారు. స్టేషను మూసేశారని జనం అనుకోకుండా అధికారిని ఒక్కణ్ణి వదిలిపెట్టేవారు. తలుపు దగ్గర వదిలిన చెప్పుల్లాగా.

నేను చెప్పే ఏడు మాత్రం ఇంకో మాట కలిసింది. డివిజనల్ ఆఫీసరు ఫోనులో, "ఈసారి బండిని పట్నంలోనే ఉంచేద్దామా అని ఆలోచిస్తున్నామయ్యా. ఫిబ్రవరిలో నేనే వచ్చి చూసి తేలుస్తాను" అన్నారు. బండి ఉండిపోతే మనుషులూ అక్కడే ఉండిపోతారు. ఆ చలికాలమంతా నాకు కావలసింది ఒక్కటే, బండి తిరిగి రావడం.

బయల్దేరేటప్పుడు డ్రైవరు స్టీరింగు మీద చెయ్యేసి, "ఫికర్ జెయ్యకుండ్రి సాబ్. నుమాయిష్ ఖతమైతనే వాపస్ వస్తం" అన్నాడు.

"రాకపోతే?"

"బేగంకు పట్నం నీళ్ళు పడయి సాబ్. ఆమెనే జిద్దు జేసి ఒస్తది."

బండి వెళ్ళిపోయింది. షెడ్డులో అది నిలబడే చోట నూనె మరక మిగిలింది. మొదటి రోజు దాని చుట్టూ తిరిగి నడిచాను. తర్వాత దాని మీదుగానే నడిచాను. వంట ఒక్కడికే కాబట్టి అన్నం గిన్నెలో అడుగంటేది, కూర అసలు కుదిరేదే కాదు. టెలిఫోను మోగేది కాదు. ఒకసారి మోగింది. రాంగ్ నంబరు. అవతలాయన ఎవరో సిమెంటు బస్తాల గురించి అడిగాడు. లేవని చెప్పి, ఎందుకు కావాలి, ఇల్లు కడుతున్నారా, ఎన్ని గదులు అని కొంతసేపు మాట్లాడాను. ఆయనకూ తీరికే అనుకుంటాను.

సంక్రాంతి వెళ్ళి కొన్నాళ్ళయింది. ఒక మధ్యాహ్నం ఇంద్రేశం నుంచి ఒక రైతు సైకిలు మీద వచ్చాడు. దిగడం కాదు, సైకిలును వదిలేసి తను నిలబడ్డాడు.

"సారూ, సొప్ప కుప్ప అంటుకున్నది. మోటరేది?"

"పట్నం పోయింది."

"ఎప్పుడొస్తది?"

"వచ్చే నెల."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "అప్పటిదంక కుప్ప ఆగదు సారూ" అన్నాడు, చాలా మర్యాదగా.

పట్నానికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. ఆ కాల్ నాకింతవరకూ దొరకలేదు. గోడకున్న పొడుగాటి కొక్కెం కర్ర తీసుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఆయన సైకిలు వెనక కూర్చున్నాను. అగ్నిమాపక దళం ఆ విధంగా బయల్దేరింది. గంట లేదు గనుక ఆయనే దారి పొడుగునా "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరిచాడు.

ఊరి బయట కళ్ళంలో మూడు కుప్పలు పక్కపక్కనే ఉన్నాయి. జొన్న చొప్ప, ఏడాదంతా పశువులు తినాల్సింది. నడిమిది ఆయనది. అది మండటం కూడా మానేసి ఎర్రగా కూర్చుని ఉంది. ఆడవాళ్ళు బావి నుంచి బిందెలు అందిస్తున్నారు. మగవాళ్ళు మండేదాని మీదే నీళ్ళు పోస్తున్నారు. కాలిపోతున్నదాన్ని వదిలేసి కాలనిదాన్ని కాపాడాలన్నది మాకు మొదట నేర్పే పాఠం. సొంతదారుడి ఎదుట నిలబడి ఆ మాట ఎలా చెప్పాలో మాత్రం నేర్పరు.

"నీది పోయింది. పక్కవి చూద్దాం" అన్నాను.

 ఆయన తన చేతిలోని బిందె పక్కవాడి కుప్ప మీద గుమ్మరించాడు.

ఇటు పక్క కుప్పకు అప్పటికే ఒక అంచు అంటుకుంది. కొక్కెంతో ఆ మోపులను లాగి దూరంగా పడేశాను. తడి గోనెలు కొట్టారు, మట్టి చల్లారు. సాయంత్రానికి పక్క రెండూ నిలిచాయి. నడిమి కుప్ప ఉన్నచోట బూడిద. నా కనుబొమలు కొంచెం తగ్గాయి.

రైతు తల్లి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది.

"గింత సదువుకొని గిదేం నౌకరి బిడ్డా? నీ ఎంబడి ఎవ్వరు లేరా?"

"ఇంజన్ ఉండేదమ్మా."

"పెండ్లాం సంగతి అడుగుతున్న."

"అది ఇంకా మంజూరు కాలేదు."

ముసలమ్మ నవ్వలేదు. ఇంకో రొట్టె వేసింది.

స్టేషనుకు తిరిగొచ్చి ఆలోచిస్తే తర్కశాస్త్రం మొదటిసారి పనికొచ్చినట్టు తోచింది. బండి ఉండి ఉంటే ఆ నడిమి కుప్ప నిలిచేది. బండి లేదు కాబట్టి కాలింది. కాబట్టి బండి ఇక్కడ ఉండాలి. ఇంతకంటే తిన్ననైన వాదం మా లెక్చరరు కూడా చెప్పలేదు. డివిజనల్ ఆఫీసరుకు ఆ బూడిదను చూపిస్తే చాలు. మర్నాడు రైతుతో, "మా పెద్దసారు వస్తాడు. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు" అన్నాను.

"ఏం జెప్పాల్నో మాకెరికనే సారూ. నువ్వు నిమ్మలంగ ఉండు" అన్నాడు.

నిమ్మళంగానే ఉన్నాను. ఒంటరితనం కూడా కొంచెం తేలికైంది. బండి వస్తే డ్రైవరుకు ఈ సైకిలు ప్రయాణం ఎలా చెప్పాలో రోజూ ఒకసారి సాధన చేసుకునేవాణ్ణి, పైకే.

నుమాయిష్ ముగిసే రోజుల్లో డివిజనల్ ఆఫీసరు జీపులో వచ్చారు. నేనే ఇంద్రేశం తీసుకెళ్ళాను. ఊరంతా కళ్ళం దగ్గర నిలబడి ఉంది, ఉతికిన బట్టల్లో. కళ్ళంలో మూడు కుప్పలున్నాయి.

మళ్ళీ చూశాను. మూడే.

నడిమి కుప్ప కొత్తగా, పక్కవాటి కంటే ఒక జానెడు ఎత్తుగా లేచి ఉంది. తర్వాత తెలిసింది. ఒకరి మేత కాలితే ఇంటింటా ఇన్ని మోపులు తెచ్చి ఆ చోటే మళ్ళీ కుప్ప పెట్టడం అక్కడి రివాజట. కాలిన నేలను కంటపడనివ్వకూడదట. నా సాక్ష్యం దాని కింద భద్రంగా ఉంది.

"ఏది కాలింది?" అన్నారు ఆఫీసరు.

రైతే ముందుకొచ్చాడు. "ఏం గాలలే సార్. జెరంత అంటుకున్నది. ఈ సారు వచ్చిండు, సల్లారిపాయె."

"బండి లేకుండానా?"

"బండి ఎందుకు సార్? సారు ఒక్కడే పది మందంత. గా కట్టె పట్టుకొని ఉరికిండంటే అగ్గే బుగులుపడ్డది."

"సార్, ఒక కుప్ప పూర్తిగా పోయింది" అన్నాను నేను.

"పాత సొప్ప సార్ అది. ఎట్లనన్న పారేశేదే" అన్నాడు రైతు, నా వైపు కన్ను గీటుతూ. వెనక నుంచి ఇంకొకడు, "మా సారును ఏమనకుండ్రి. దేవుని లెక్క మనిషి" అన్నాడు. ముసలమ్మ ఆఫీసరు గడ్డం పట్టుకునేంత దగ్గరికి వచ్చి, "పసివోడు, కొలువు మీద దెబ్బ గొట్టకు నాయినా" అంది.

అప్పటికి గాని నాకర్థం కాలేదు. పైనుంచి అధికారి వచ్చాడంటే కిందివాడి నౌకరీకి ఎసరొచ్చిందని వాళ్ళ లెక్క. మోటరు లేదని బయటపడితే నన్ను తీసేస్తారని ఊరంతా కూర్చుని అనుకున్నారు. కూర్చుని నిర్ణయించారు. ఆ రైతు ఏడాది మేత పోగొట్టుకుని, పోలేదని చెప్పడానికి తల దువ్వుకుని వచ్చాడు.

నేను ఇంకో రెండుసార్లు నోరు విప్పాను. నేను విప్పినప్పుడల్లా వాళ్ళు నన్ను ఇంకొంచెం పొగిడారు. వినయం అనుకున్నారు ఆఫీసరు.

జీపెక్కుతూ భుజం తట్టారు. "శభాష్. నీలాంటివాడున్నచోట బండి దండగయ్యా. అవసరమైనచోట వాడుకుందాం."

నుమాయిష్ అయిపోయిన వారానికి ఒక లారీ వచ్చింది, కుర్రవాళ్ళ ట్రంకు పెట్టెలూ పరుపు చుట్టలూ తీసుకుపోవడానికి. డ్రైవరు కూడా వచ్చాడు. వంటగిన్నెలు గోనెలో కడుతూ, నన్ను చూడకుండా అన్నాడు.

"మీ తారీఫ్ పట్నందాంక వచ్చింది సాబ్. గింత మంచిగ జేస్తరనుకోలే."

"నేనూ అనుకోలేదు."

"జెర ఖరాబుగ జెయ్యాల్సుండె."

ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపాడు. పెద్ద గిన్నె ఉంచుకోమన్నాడు. ఒక్కడికి అంత గిన్నెందుకని ఇచ్చేశాను. బేగం ఎలా ఉందని అడిగాను. పట్నం నీళ్ళు పడ్డాయట. దగ్గు కూడా తగ్గిందట.

నన్ను బదిలీ చెయ్యడానికి ఇంకొకరిని వెయ్యాలి, మూసెయ్యడానికి ఇంకో ఉత్తర్వు కావాలి. రెండూ లేవు కాబట్టి స్టేషను ఉంది, అందులో నేనున్నాను.

కొన్నాళ్ళకు రైతు పటాన్‌చెరు సంతకు పోతూ ఆగాడు. ఖాళీ షెడ్డులోకి తొంగిచూశాడు.

"మోటరు ఇంక రాలే?"

"రాదు."

"ఎందుకు?"

చెబుదామనుకున్నాను. తల దువ్వుకుని వచ్చిన ఆ రోజు గుర్తొచ్చి మానేశాను. "పట్నంలో మంటలు ఎక్కువట" అన్నాను.

"గట్లనా." సైకిలును గుమ్మానికి ఆనించాడు. "ఆ దినం మేం మంచిగనే జెప్పినం గద సారూ?"

"చాలా బాగా చెప్పారు."

ఆయన ముఖం విప్పారింది. వచ్చి అరుగు మీద కూర్చుని బీడీ తీశాడు. అగ్గిపుల్ల గీసి, బోర్డు చూసి ఆగాడు.

"తాగొచ్చా ఈడ?"

"తాగు. ఇప్పుడేం ఫరవాలేదు."

బర్రె ఈనిన సంగతి చెప్పాడు. దూడ చుక్కలు చుక్కలుగా ఉందన్నాడు. నేను అడిగిన వాటికన్నిటికీ జవాబు చెప్పాడు. అడగడానికి ఇంకేం మిగిలిందా అని నేను వెతుక్కుంటుండగా, సంతకు యాళ్ళయితుందని లేచాడు.

"కూర్చోరాదూ, చాయ్ పెడతాను" అన్నాను.

"మల్లొస్త సారూ" అని సైకిలెక్కాడు. చాయ్ రెండు గ్లాసులకు సరిపడా కలిపాను, డ్రైవరుతో కలిసి తాగిన అలవాటు పోక. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. మొదటి గ్లాసు వేడిగా తాగాను.