వలల గదిలో మైనింగ్ యంత్రం

ఆ యంత్రమంటే నాకు భయమని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. క్రిప్టో నాణేల కోసం ఆగకుండా లెక్కలు కట్టే, అరచేతంత మైనింగ్ యంత్రం అది. వీడియోలు చూసి నేనే బిగించాను. ఇంట్లో అందరూ మెచ్చుకున్నాక భయంగా ఉందని ఎలా చెప్పను?

మా ఇల్లు సముద్రం ఒడ్డున ఉంది. ఉప్పుగాలికి బీరువా కూడా తుప్పు పట్టింది. అందుకే యంత్రాన్ని నాన్న వలలు దాచే గదిలో పెట్టి, కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కాను.

ఒక మధ్యాహ్నం ఫోన్లో దాని వేగం కాస్త పెంచాను. వేడి చూపించే అంకె పెరుగుతూ పోయింది. వేగం తగ్గించినా అది దిగలేదు. పరుగున వెళ్ళి తలుపు తీస్తే ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. పైనుంచి ఒక వల అంచు జారి యంత్రం ఫ్యాన్‌కి చుట్టుకుంది. వైరు దగ్గర సన్నగా పొగ లేస్తోంది. చుట్టూ అన్నీ నైలాన్ వలలే. స్విచ్ పక్కనే ఉన్నా నా చెయ్యి కదల్లేదు.

వెనకనుంచి అమ్మ వచ్చి ప్లగ్గు పీకేసింది. కిటికీ సందుల్లోని గుడ్డలు చూసింది.

"ఉప్పుగాలి తగలకూడదని..." అని గొణిగాను.

"ఒసే, డబ్బాకి తుప్పడతాదని గదంతా బిగించేసినావా? వలలంటుకుంటే మీ నాన్న రేపు నీ ఫోనట్టుకుని సేపల ఏటకెల్తాడేటే? ముందా కిటికీ తియ్యి!"