తెల్లారింది, లైట్లింకా వెలుగుతున్నాయి

నిన్న పొద్దున పూజ దగ్గర కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఆ టైంలో నాకెవరూ చేయరు.

ఖాజా భాయ్. ధరూర్ దగ్గర మా పుట్టింటి ఊళ్లో టీ హోటల్ నడుపుతాడు.

"అక్కా, తెల్లారినా ఊర్ల లైట్లు మండుతనే ఉన్నయ్. నర్సింలు ఊర్ల లేడా ఏందని ఇంటికి పోయిన..."

మిగతాది ఏడుస్తూనే చెప్పాడు.

నర్సింలు నా చిన్న తమ్ముడు. నిద్రలోనే పోయాడు. అలిసి పడుకున్నాడులే అని మరదలు లక్ష్మి లేపలేదట.

నేనుండే తెలకపల్లి నుంచి బస్సులో ఎట్లా చేరానో తెలియదు. దారంతా రామనామం తప్ప ఇంకేదీ నోటికి రాలేదు.

వాడిని ఎరగని వాళ్ల కోసం రెండు మాటలు.

కొన్నేళ్ల కింద వాడు వార్డు మెంబర్‌గా నిలబడ్డాడు. వాడికి బొట్టు పెట్టి, ఓటు నీకేనని ఒట్టేసిన ఇళ్లు ఎన్నో. ఓడిపోయాడు. మా గల్లీవాళ్లే ఓటు వేయలేదని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి వాకిట్లో మంచం మీద, ముఖానికి తువ్వాల కప్పుకుని పడుకునేవాడు. చేనుకు పోడు. పెళ్లికి పిలిచినా పోడు. లక్ష్మి ఏడుస్తూ ఫోన్ చేస్తే వెళ్లి కొన్నాళ్లున్నాను.

"ఈ మొఖం ఎవరికి చూపియ్యాలె అక్కా?"

అదొక్కటే మాట. నాకు భయమేసింది. పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లోంచి తీయించేశాను.

మా ఊళ్లో గల్లీకో స్విచ్ ఉంటుంది, స్తంభానికి బిగించిన డబ్బాలో. పొద్దుగూకితే ఎవరో ఒకరు వేస్తారు. తెల్లారితే ఎవరూ ఆపరు. ఎండలో కూడా స్ట్రీట్ లైట్లు వెలుగుతూనే ఉండేవి.

ఒకరోజు నేను వాకిలి ఊడుస్తుంటే వాడు లేచాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

నా చేతిలో చీపురు ఆగిపోయింది.

గల్లీలో లైట్లు ఆరాయి. వాడు తిరిగొచ్చాడు.

"ఏందిరా?" అన్నాను.

"చూడలేకపోయిన అక్కా. నన్ను ఓడగొట్టిండ్రు, సరే. లైటేం పాపం చేసింది, పొద్దంత మండనీకి?"

నాకు మనసొప్పలేదు. "పొద్దుగాల్నే దీపమార్పుడు మంచిది కాదురా."

"సూర్యుడొచ్చినంక ఆయన ముంగట బల్బు పెట్టుడు మంచిదా మరి?"

నవ్వాడు. ఎన్నాళ్లకో.

పక్క గల్లీ స్విచ్ ఖాజా భాయ్ హోటల్ ముందుంది. వాడికి ఓటు వేయనివాళ్లంతా పొద్దున టీ తాగేది అక్కడే. వాడు అటు పోయిన రోజు ఖాజా భాయే అన్నాడట.

"చూడుండ్రి, గెలిచినోడు పండుకున్నడు, ఓడినోడు డ్యూటీ చేస్తుండు!"

అందరూ నవ్వారు. వాడు స్విచ్ ముట్టకుండానే ఇంటికొచ్చి, మళ్లీ తువ్వాల కప్పుకున్నాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టుకున్నాను.

మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఈసారి ఆపేసి వచ్చాడు.

"వాళ్లు నవ్వి ఊకున్నరు అక్కా. లైటైతె ఊకోలేదు, మండుతనే ఉంది."

అంతే. ఇక రోజూ పొద్దున ఊరంతా ఒక రౌండ్.

తిరిగే మనిషికి కళ్లబడతాయి కదా. పోయిన బల్బు. బడి ముందు పగిలి మురుగు పారే మోరీ. ఊరికే కారిపోయే నల్లా. పంచాయతీకి పోయి చెప్పేవాడు. పని కాకపోతే మర్నాడు మళ్లీ చెప్పేవాడు, కోపం లేకుండా. ఒక్కోటి అయ్యేది, ఒక్కోటి అయ్యేది కాదు.

మెల్లగా జనమే వాడి దగ్గరికొచ్చి చెప్పుకోవడం మొదలైంది. ఖాజా భాయ్ రోజూ చాయ్ పట్టుకుని ఎదురుచూసేవాడు.

మళ్లీ ఎలక్షన్లు వచ్చినప్పుడు నిలబడవా అనడిగాను.

"నాకు టైమేడిది అక్కా!"

నిన్న సాయంత్రం వాడిని సాగనంపాం.

వాడు పడుకున్న చోట దీపం పెట్టారు. దినాలయ్యేదాకా ఆరకూడదు. ఈ తెల్లవారుజామున అందులో నూనె పోసి బయటికొచ్చాను. వెలుతురు వస్తోంది.

హోటల్ వైపు లైట్లు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. చూస్తుండగానే వెనక గల్లీవీ ఆరాయి. ఖాజా భాయ్ మా స్తంభం దగ్గరికొచ్చాడు. చెయ్యెత్తాడు. దించేశాడు.

"ఇది నాతోని కాదక్కా. నువ్వే బంద్ చెయ్యి."

చేశాను.

తమ్మీ, ఇంట్లో దీపం మేం చూసుకుంటాం. బయట లైట్లు ఊరు చూసుకుంటుంది.

ఆ రాముడి నీడలో నిమ్మళంగా పండుకో.