తాతను తీసేసిన స్క్రిప్టు

తిరుపతిలో ఒక కంటి ఆస్పత్రి డేటాబేసు చూసుకునే ఉద్యోగం నాది. నగరిలో, సత్యవేడులో మాకు చిన్న కేంద్రాలున్నాయి, ఆపరేషన్లు మాత్రం తిరుపతిలోనే. పొద్దున తెరవగానే మూడు చోట్లా ఒకే స్క్రిప్టు నడపాలి. స్క్రిప్టంటే డేటాబేసుకు మనం రాసిచ్చే పనుల చీటీ. పేరు రాయించుకున్నవాళ్ళను అది ఆ రోజు ఆపరేషన్ల జాబితాలోకి ఎక్కిస్తుంది. మొదట్లో దాన్ని మెయిల్లో పంపేవాణ్ణి. ఒకరు పాతది నడిపేవారు, ఇంకొకరు మెయిలే తెరిచేవారు కాదు. విసుగొచ్చి ఫైలును వెబ్‌లో ఒకచోట పెట్టి అందరికీ లింకు ఇచ్చాను. నొక్కితే చాలు, అక్కడున్నది అక్కణ్నుంచే నడుస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒకచోట దిద్దితే మూడు చోట్లా దిద్దినట్టే! ఒకచోట తప్పితే మూడు చోట్లా తప్పుతుందని మాత్రం తట్టలేదు.

ఒక సాయంత్రం, ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే పాత ఎంట్రీని తీసేసే నాలుగు లైన్లు అందులో చేర్చాను. పేరు, ఊరు, ఫోన్ నంబరు కలిస్తే ఒకే మనిషి. వయసును పట్టించుకోలేదు. మా దగ్గరికొచ్చేవాళ్ళు అడిగినప్పుడల్లా కొత్త వయసు చెబుతారు కదా. తిరుపతి జాబితా మీద నడిపి చూస్తే బాగానే ఉంది. ఎవరికీ చెప్పకుండా లింకులో పెట్టేసి ఇంటికి పోయాను.

మర్నాడు కౌంటరు దగ్గర గొడవ. నగరి నుంచి మొదటి బస్సుకు ఒక నేతపని తాత మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. ఆ రోజే ఆయనకు శుక్లాల ఆపరేషన్. జాబితాలో పేరు లేదు. మళ్ళీ రాయించుకుంటే వచ్చే నెలేనని కౌంటర్లో అమ్మాయి అంటోంది.

"నెలా? పోగు తెగితే ముడేసేదానికి కన్ను కనపడక మగ్గం నిలిపేసినానమ్మా!"

నన్ను పిలిచారు. వెతికితే ఆ పేరుతో ఒక్కటే ఎంట్రీ ఉంది. వయసు ఇరవై రెండు, కళ్ళద్దాల పరీక్ష. మనవడిది! తాత పేరే మనవడికి పెట్టారు, ఇంటికంతా ఒకటే ఫోను. కొత్తదని మనవణ్ణి ఉంచి, పాతదని తాతను తీసేసింది నా స్క్రిప్టు.

"మీ ఇద్దరి పేరూ ఒకటే కావడంతో..." అని నసిగాను.

"వానికి పేరిచ్చినానప్పా, కన్ను ఇయ్యలేదు గదా," అన్నాడు తాత.

సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరుగారి దగ్గరికి పోయి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన నాకు నాలుగు చివాట్లు పెట్టి, ఆ రోజు చివరి ఆపరేషన్‌గా తాతను చేర్చారు. ముందురోజు తీసిపెట్టిన కాపీలోంచి పోయిన ఎంట్రీలన్నీ వెనక్కి తెచ్చాను. తాతలూ అవ్వలూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అప్పట్నుంచి లింకులో ఉన్న ఫైలును ముట్టుకోను. మార్పు ఏదైనా ఉంటే కొత్త పేరుతో వేరే ఫైలు పెట్టి, మూడు చోట్ల జాబితాల మీదా నడిపి చూసి, ఫోను చేసి చెప్పాకే నడపమంటాను.

వారం తర్వాత నల్ల కళ్ళద్దాలతో తాత మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. నా దగ్గర ఆగి మొహంలోకి తేరిపార చూశాడు.

"సూస్తే సిన్నోడివే. నీకెవురి పేరు పెట్టినారప్పా?"

"మా తాత పేరే, తాతా."

"అట్లనా? మరి ఆ సంగతి నీకైనా తెలియకపాయనా?"