యోబు ఉత్తుత్తి ప్రయాణాలు

ఆళ్లగడ్డలో సైకిళ్లు బాగుచేసే యోబు, ఏ పనైనా ముందొకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోనిదే నిజంగా చేయడు. పెళ్లికి ముందురోజు ఖాళీ చర్చిలో, పెళ్లికూతురు నిలబడాల్సిన చోట ఒక గొడుగును ఆనించి, దానికే ప్రమాణం చేసి చూసుకున్నాడు. "నాకంటే ముందు ఆ గొడుగునే మనువాడినాడు" అంటుంది అతని భార్య దానమ్మ, ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా.

పెళ్లికి ముందు యోబు, అతని స్నేహితుడు నంద్యాల తిమోతి, ఒక పట్నంలోని గోల్ఫ్ క్లబ్బులో తొమ్మిదేళ్లు ఆటగాళ్ల సంచులు మోశారు. బంతి పడాల్సిన గుంత ఎన్ని అడుగుల దూరమో, నేల ఎటు వాలిందో దొరలకు చెప్పేది వీళ్లే. కర్ర తుడవచ్చు, బంతి వెతకవచ్చు. ఆ కర్రతో ఆ బంతిని కొట్టకూడదు. ఒక తెల్లవారుజామున ఎవరూ లేరనుకొని యోబు ఒకే ఒక దెబ్బ కొట్టాడు. సాయంత్రానికి పని పోయింది, ఆ నెల జీతమూ పోయింది. అతను ముట్టుకున్న కర్రను వేడినీళ్లతో కడిగించారు. రోజూ తుడిచేవాడు ముడితే లేని మైల, కొట్టేవాడు ముడితే ఎట్లా అంటిందో ఎవరూ చెప్పలేదు. యోబూ అడగలేదు. మూటముల్లె సర్దుకొని ఊరొచ్చి సైకిల్ అంగడి పెట్టుకున్నాడు.

నిరుడు, అరవై నిండాక, అన్నం తింటూ చెప్పాడు.

"ఊటీకి పోయి గోల్ఫ్ ఆడతా. టికెట్టు తీసుకోని, దర్జాగా ఆడతా."

దానమ్మ కాదనలేదు. "ఆడుకో. ఎప్పుడు పోతాండావ్?"

"ముందు ఉత్తుత్తిగా పోయొస్తా."

బడ్జెట్టు రాయడానికే రెండు నెలలు పట్టింది. రైలు, బస్సు, బస, మైదానం రుసుము, దారిలో ఇడ్లీలు. దానమ్మ ఆ నోటుబుక్కు తీసి చూస్తే అన్నీ మూడేసి ఉన్నాయి.

"మనమిద్దరమే గదా. మూడో టికెట్టు ఎవురికి?"

"సంచికి."

"మూడు పాత కర్రలున్న సంచికి బెర్తా?"

"నిలబెడితే పడిపోతాది మే."

"మరి దానికి ఇడ్లీలు గూడా రాసినావే. నాలుగు."

యోబు పెన్సిల్ తీసి నాలుగును కొట్టేసి మూడు వేశాడు.

ఉత్తుత్తి ప్రయాణం ఒకటితో ఆగలేదు. వారం విడిచి వారం శిరివెళ్ల మీదుగా బస్సులో నంద్యాలకు పోతాడు, స్టేషన్లో అటూ ఇటూ నడుస్తాడు, ఇంటికొస్తాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని ఒకరోజు దానమ్మ కూడా వెంటపోయింది. మొగుడు రెండు కళ్లూ గట్టిగా మూసుకొని, చేతికర్ర తాటిస్తూ, "నలభై ఒకటి, నలభై రెండు" అంటూ పోయి, బనగానపల్లె మామిడికాయల బుట్టలో కాలు పెట్టాడు.

బుట్ట ఆమె లేచింది. "కండ్లు మూసుకోని నడుస్తాండావేందప్పా?"

"తెరిస్తే లెక్క తప్పుతాది."

ఆ మాట వినని ఒక పెద్దాయన, పాపం గుడ్డివాడనుకొని, యోబు చేతిలో రెండు రూపాయలు పెట్టిపోయాడు. ఇంటికొచ్చాక నోటుబుక్కులో 'రాబడి' అని కొత్త పేజీ మొదలయింది.

తర్వాత జనరల్ బోగీలో ఒక్కడే ఊటీ దాకా పోయొచ్చాడు.

"ఆడిదాకా పోయి ఒక్క దెబ్బన్నా కొట్టలేదా?"

"ఉత్తుత్తికి పోయినప్పుడు ఎట్ల కొడతా?"

దానమ్మకు ఓపిక తీరింది. దాచిన దుడ్లన్నీ ఉత్తుత్తి ప్రయాణాలకే కరిగిపోతే, ఇక నిజం ప్రయాణం ఎక్కడిది? యోబు ఎవరి మాటైనా వింటాడంటే తిమోతి మాటే. నోటుబుక్కు చంకన పెట్టుకొని నంద్యాలకు పోయింది.

షుగరు జబ్బుతో తిమోతికి చూపు పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి గడప దాటలేదు, చర్చికి కూడా. "చెయ్యి పట్టుకోని గొర్రెను లాక్కపోయినట్టు లాక్కపోతారు, నేను రాను" అంటాడు. దానమ్మ పోయేసరికి మంచంమీద కూర్చొని, పిల్లలు ఎక్కాలు చదివినట్టు ఏదో వల్లిస్తున్నాడు.

"గేటు నుంచి మెట్లకు అరవై నాలుగు అడుగులు. మెట్లు ముప్పై ఆరు. దిగినాక ఎడమకు తొంభై..."

"ఏంది తిమోతీ అది?"

"వదినా, నువ్వా? నంద్యాల స్టేషను. ఊటీ మైదానం గూడా నోటికొచ్చె. యోబు వచ్చి అప్పజెప్పించుకుంటాండాడు. ఎవురూ పట్టుకోకుండా నేనే నడిచి పోతా." తర్వాత గొంతు తగ్గించాడు. "నీకు చెప్పొద్దని నేనే అంటి. ఆఖరికి నడవలేకపోతే నవ్వులపాలైతా గదా."

దానమ్మ నోటుబుక్కు తెరిచి, పెన్సిల్ అడిగి తీసుకొని, మూడు ఇడ్లీలను మళ్లీ నాలుగు చేసింది.

ముగ్గురూ ఊటీ చేరారు. నంద్యాల స్టేషన్లోనూ, ఊటీ మైదానంలోనూ తిమోతి తన కర్రతో తానే నడిచాడు. పచ్చికమీద నిలబడ్డాక యోబు మొదటి దెబ్బ అతన్నే కొట్టమన్నాడు.

"నూట పది అడుగులప్పా. కుడికి వాలుంది" అన్నాడు యోబు.

రెండు దెబ్బలు గాలికి పోయాయి. మూడోది తగిలింది. బంతి లేచి, పక్కనున్న పొదలోకి దూరింది.

"యాడ పడె?"

"గుంత పక్కనే."

"అబద్ధాలాడొద్దురా. ఆకుల సద్దు వినపడె." తిమోతి పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక, ఎటో చూస్తూ, "నీ రుణం తీర్చుకోలేను యోబూ" అన్నాడు.

యోబు కర్ర తీసుకొని ఒకసారి గాలిలో ఊపాడు.

"అది ఉత్తుత్తిదా?" అడిగింది దానమ్మ.

"ఆఁ."

"ఇంగ నిజంది కొట్టయ్యా" అందామె. "చేసిన ఉత్తుత్తులు చాలు."

కొట్టాడు. ఎంత దూరం పోయిందో ఆ ఒక్కసారి అతను అడుగులు లెక్కపెట్టలేదు. ఆ పూట కర్రల సంచి మోసింది దానమ్మే. సంతోషంగానే మోసింది.

గోల్ఫ్ ఆడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకొక మనవి. రేపు మీ సంచి మోసే మనిషిని పేరడగండి. కర్ర అతని చేతికిచ్చి, కాసేపు సంచి మీరు పట్టుకోండి. క్లబ్బు ఒప్పుకోకపోతే నలుగురూ కలిసి సంతకాలు పెట్టి ఒప్పించండి. మొదటి రెండు దెబ్బలు గాలికి పోతే మాత్రం నవ్వకండి. మీవీ పోయాయి, అప్పుడు వాళ్లు నవ్వలేదు.